మిద్దె మీద కూరగాయలు: మొదటి ఏడాది పది కుండీలతో మొదలుపెట్టడం ఎలా

మా మిద్దె ఎక్కి చూసినవాళ్లు దిగేటప్పుడు అడిగే ప్రశ్నలు నాలుగే. స్లాబు కారదా? మట్టి ఏది వేశారు? మా బీర పిందెలన్నీ పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి, ఎందుకు? ఎండాకాలం ఎలా కాపాడుతున్నారు? ఒక్కొక్కరికి సగం సగం చెప్పేకంటే, చేయాల్సిన వరుసలో మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మాది హనుమకొండ. బోరు నీళ్లు, మే నెలలో మండే ఎండ, అప్పుడప్పుడూ కోతులు. మీ ఊళ్లోనూ ఇవే ఇబ్బందులుంటే కింద రాసినవన్నీ మీకూ పనికొస్తాయి. బాగా తేమగా ఉండే తీరప్రాంతం వాళ్లు నీళ్ల దగ్గర కొంచెం చెయ్యి తగ్గించుకోవాలి.

మొదటి ఏడాది పది కుండీలు దాటొద్దు. ఉత్సాహంగా యాభై గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) నింపి, వేసవి వచ్చేసరికి వదిలేసిన మిద్దెలు చాలా చూశాను. పది కుండీలైతే పొద్దున ఇరవై నిమిషాల్లో ప్రతి ఆకూ తిప్పి చూడొచ్చు. ఆ చూపుతోనే తోట నేర్చుకుంటాం.

1. ముందు మిద్దెను పరీక్షించండి

విత్తనాలు కొనకముందే చేయాల్సిన పని ఇది. మేము చేయలేదు. రెండో ఏడాది ఆగస్టు ముసురులో పడకగది పైకప్పు మీద అరచేయంత చెమ్మ మరక తేలింది. ఇంట్లో అందరూ మొక్కల్నే తప్పుపట్టారు. మేస్త్రీ వచ్చి చూస్తే కారణం బయటపడింది. కుండీల నుంచి కొట్టుకొచ్చిన మట్టి, ఎండుటాకులు తూము దగ్గర పేరుకుపోయి నీళ్లు నిలిచాయి. పిట్టగోడ మూలన ఉన్న సన్నటి పగులులోంచి అవి కిందికి దిగాయి. పగులు పూడ్పించి, తూముకు జాలీ పెట్టించాక మళ్లీ చెమ్మ రాలేదు.

మీరు ఈ వరుసలో చేయండి:

- మిద్దె మొత్తం ఊడ్చి కడగండి. గోడ పగుళ్లలో రావి, మర్రి మొలకలుంటే వేరుతో సహా తీసేయండి. పైన తుంచితే మళ్లీ వస్తాయి.
- నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి, అరగంట తర్వాత ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీత గీయండి. ఆ చోట కుండీలు పెట్టకూడదు.
- తూము మూతి గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచండి. కింది గదుల పైకప్పు, గోడల మూలలు టార్చి వేసి చూడండి.
- చెమ్మ కనిపిస్తే పగుళ్లు పూడ్చి, వాటర్ ప్రూఫింగ్ చేయించి, ఆరాక ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి.
- తూముకు ఇనుప జాలీ లేదా ప్లాస్టిక్ జాలీ బిగించండి. వానాకాలంలో వారానికోసారి దాన్ని తీసి కడగాలి.

పాత ఇల్లయి, పైకప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తుంటే ఒక్క కుండీ కూడా పెట్టకండి. ముందు ఇంజనీరుకు చూపించాలి. అపార్టుమెంటైతే అసోసియేషన్ ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి, తర్వాత గొడవలుండవు.

2. బరువు లెక్క

జనం ఎక్కి తిరిగే ఇళ్ల మిద్దెకు ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు.

తడిసిన మట్టి ఘనపు అడుగు 45 నుంచి 55 కిలోలు తూగుతుంది. అంటే స్లాబు మీద ఇటుకలు పేర్చి అడుగు లోతున మట్టి పరిస్తే, మిద్దె మోయాల్సినదానికి మూడు రెట్లకు పైగా బరువు పడుతుంది. ఇంజనీరు చూసి సరేనంటే తప్ప ఆ మడుల జోలికి పోవద్దు.

15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న గ్రో బ్యాగులో దాదాపు 38 లీటర్ల మిశ్రమం పడుతుంది. తేలికైన మిశ్రమమైతే తడి మీద 40 కిలోల చుట్టూ ఉంటుంది. నాలుగు చదరపు అడుగులకు ఒక బ్యాగు చొప్పున దూరంగా పెడితే బరువు హద్దులో ఉంటుంది. సగానికి కోసిన నీలం డ్రమ్ములాంటి పెద్దవాటిని గది మధ్యకు వచ్చే చోట పెట్టకండి. కింద గోడ గానీ, బీము గానీ, పిల్లరు గానీ ఉన్నచోటే పెట్టండి.

3. కుండీలు

ఖరీదైనవి అక్కర్లేదు. పెయింటు బకెట్లు, పాత టబ్బులు బాగా కడిగి వాడొచ్చు. చూడాల్సింది లోతు, రంధ్రాలు.

- ఆకుకూరలకు 6 నుంచి 8 అంగుళాల లోతు. వెడల్పు ఎంత ఉంటే అంత మంచిది.
- టమాటా, వంగ, మిరప, బెండకు 12 నుంచి 15 అంగుళాలు.
- బీర, సొర, కాకర, చిక్కుడుకు 18 అంగుళాలకు తగ్గకుండా, ఒక కుండీకి ఒకటే పాదు.
- అడుగున నాలుగైదు రంధ్రాలు, చిటికెన వేలు దూరేంత. వాటి మీద కుండపెంకు గానీ కొబ్బరి పీచు గానీ వేయండి.
- ప్రతి కుండీ కింద ఇటుకలో స్టాండో పెట్టి రెండు మూడంగుళాలు లేపండి. కింద గాలి ఆడితే స్లాబు ఆరుతుంది, ఊడ్చడానికి చీపురు దూరుతుంది.

4. మట్టి మిశ్రమం

ఎక్కువమంది తోట ఇక్కడే పాడవుతుంది. మొదటి ఏడాది ట్రాక్టరుతో ఎర్రమట్టి తోలించి, ఉట్టి మట్టినే బ్యాగుల్లో నింపాను. నెలకు అది ఇటుకలా గట్టిపడింది. పోసిన నీళ్లు అంచుల వెంట జారి కింద నుంచి పోయేవి, మధ్యలో వేళ్లు ఎండిపోయేవి. వంగ మొక్కలు మూడు నెలలు జానెడు ఎత్తులోనే ఉండిపోయాయి. అన్నీ గుమ్మరించి మళ్లీ కలిపాం.

నేను వాడే పాళ్లు ఇవి. తట్టతో కొలవండి. ఏ తట్ట అయినా పర్వాలేదు, అన్నింటికీ అదే వాడాలి.

- ఎర్రమట్టి 4 తట్టలు
- బాగా మాగిన పశువుల ఎరువు 3 తట్టలు
- నానబెట్టి కడిగిన కొబ్బరి పొట్టు 2 తట్టలు
- వానపాముల ఎరువు 1 తట్ట
- వేపపిండి బ్యాగుకు 100 గ్రాములు

పది బ్యాగులకు సుమారు 380 లీటర్ల మిశ్రమం కావాలి, అందులో ఐదో వంతు, అంటే 76 లీటర్లు, కొబ్బరి పొట్టు. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానితే 70 లీటర్ల చుట్టూ వస్తుంది, కాబట్టి ఒక్కటి దాదాపు సరిపోతుంది.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. పెద్ద టబ్బులో నానబెట్టి, పిండి, ఆ ఎర్రటి నీళ్లు పారబోసి, రెండు మూడుసార్లు కడగాలి. ఈ పని ఎగ్గొడితే లేత ఆకుల అంచులు మాడతాయి.

పశువుల ఎరువు మాగిందో లేదో చేతితో తెలుస్తుంది. నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా, లోపల వేడి లేకుండా ఉండాలి. పచ్చిపేడ వేస్తే ఆ వేడికి వేళ్లు చస్తాయి. లావుపాటి తెల్ల పురుగులు కూడా దాంతోనే వస్తాయి. కొన్న ఎరువు మీద అనుమానముంటే గోనెసంచిలో వేసి, తడుపుతూ నీడలో నెల రోజులు ఉంచండి.

కలిపాక పరీక్ష: పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి చెయ్యి తెరవండి. ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విడిపోతే మిశ్రమం సరిగ్గా ఉంది. ముద్ద విడిపోకపోతే కొబ్బరి పొట్టు పెంచండి. అసలు ముద్దే కాకపోతే మట్టి పెంచండి.

బ్యాగు అంచుకు రెండంగుళాలు వదిలి నింపండి. తడిపి పది రోజులు అలాగే ఉంచాలి. ఈలోగా మట్టి కుంగుతుంది, కలుపు విత్తనాలు మొలుస్తాయి. కలుపు పీకి, మళ్లీ మిశ్రమం వేసి, అప్పుడు విత్తనం పెట్టండి. ఈ పది రోజులు ఆగలేక చాలామంది మొదటి పంట పోగొట్టుకుంటారు.

5. ఏ నెలలో ఏది

జూన్, జూలై: బెండ, వంగ, మిరప, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, పొట్ల. పందిరి చిక్కుడు కూడా అప్పుడే పెట్టాలి, కానీ పూత చలి మొదలయ్యాకే వస్తుంది. అక్టోబరులో తీగ గుబురుగా ఉండి పువ్వు లేదని పీకేయకండి.

సెప్టెంబరు, అక్టోబరు: టమాటా, పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి కాలం లేదు. ఎండ తగ్గుతుంది, మొక్క చెప్పిన మాట వింటుంది.

జనవరి, ఫిబ్రవరి: బెండ, దోస, సొర, బీర, గోంగూర, బచ్చలి, తోటకూర.

మొదటిసారి పది కుండీలను ఇలా పంచుకోండి: ఆకుకూరలకు నాలుగు, టమాటాకు రెండు, వంగకు రెండు, మిరపకు ఒకటి, ఒకే ఒక్క తీగజాతి. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. నెల తిరగకముందే ఇంట్లో పప్పులోకి సొంత ఆకు పడితే, మిగతా మొక్కల కోసం ఓపిక పట్టడం తేలికవుతుంది. మా అత్తయ్య మొదట్లో ఈ పనంతా వద్దన్నారు. మొదటి తోటకూర కట్ట తెంపుకొచ్చిన రోజు నుంచి పొద్దున నీళ్లు ఆవిడే పోస్తున్నారు.

6. విత్తడం, నాటడం

- తోటకూర విత్తనం చాలా సన్నం. నాలుగు రెట్లు ఇసుక కలిపి చల్లి, పైన పలచగా మట్టి రాల్చండి. లోతుగా వేస్తే మొలవదు.
- ధనియాలను రెండు బద్దలయ్యేలా మాత్రమే నలపండి, పొడి కాకూడదు. ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు మొలుస్తాయి. అప్పటిదాకా తడి ఆరనివ్వద్దు.
- బెండ, బీర, కాకర, సొర గింజలు రాత్రి నానబెట్టి, నేరుగా కుండీలోనే అంగుళం లోతున పెట్టండి. రెండు గింజలు పెట్టి, మొలిచాక బలమైనది ఉంచి రెండోదాన్ని మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.
- టమాటా, వంగ, మిరప నారు పోసి నాటాలి. టమాటా నారు 25 రోజులకు సిద్ధమవుతుంది, మిరపకు ఇంకా రెండు వారాలు ఎక్కువ పడుతుంది.
- నారు సాయంత్రమే నాటండి. టమాటాను కాడ సగం మునిగేలా లోతుగా నాటొచ్చు, ఆ కాడకూ వేళ్లు వస్తాయి. మిగతావాటిని నారుమడిలో ఎంత లోతున ఉన్నాయో అంతే.

7. నీళ్లు

రోజుకు ఎన్ని మగ్గులు పోయాలని అడుగుతారు. మగ్గుల లెక్క ఒక్క రోజుకే సరిపోతుంది, మర్నాటికి ఎండ మారుతుంది. వేలు రెండంగుళాలు మట్టిలోకి గుచ్చండి. తడి తగిలితే ఆ పూట వద్దు. పొడిగా ఉంటే పోయండి, అడుగు రంధ్రంలోంచి కొద్దిగా కారడం మొదలవగానే ఆపండి. ఇంకా పోస్తే ఎరువు కడుక్కుపోతుంది, స్లాబు నానుతుంది.

మధ్యాహ్నం సొర, బీర ఆకులు వేలాడటం చూసి కంగారుపడి మళ్లీ నీళ్లు పోస్తారు. పెద్ద ఆకులున్న మొక్కలు ఎండ తీవ్రతకు అలా వాలతాయి. సాయంత్రానికి లేస్తే దానికి నీళ్ల కొరత లేదు. పొద్దున కూడా వాలి ఉంటేనే చూడాలి. మట్టి పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేరు కుళ్లు. రెండోదైతే నీళ్లు ఆపి, రంధ్రాలు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి.

వేసవిలో మిద్దె మీది పైపులో నీళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. మొదట వచ్చే నీళ్లు బకెట్లోకి పట్టి చల్లారనివ్వండి, తర్వాత వచ్చేవి మొక్కలకు పెట్టండి. ఒకసారి ఆ వేడి నీళ్లకు పాలకూర మడి మొత్తం పోయింది.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే మట్టి పైన తెల్ల పొర కడుతుంది. పై అంగుళం మట్టి గీకి తీసేసి కొత్త ఎరువు వేయండి. వానలో కుండీలు బాగా తడిస్తే ఉప్పు దిగిపోతుంది. ఆర్ఓ ఫిల్టరు నుంచి వదిలే నీళ్లు రోజూ మొక్కలకు పోయడం మంచిది కాదు, అందులో ఉప్పు మరింత చిక్కగా ఉంటుంది.

టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లుతుంటే అది పురుగు కాదు. ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తడం వల్ల మొక్క కాల్షియం అందుకోలేకపోతుంది. తడి సమంగా ఉంచండి, మొదలు చుట్టూ ఎండుటాకులు పరవండి. తర్వాతి కాయలు బాగుపడతాయి.

8. పందిరి, పువ్వు, పిందె

పందిరి కోసం స్లాబుకు డ్రిల్లు పెట్టించకండి, వాటర్ ప్రూఫింగ్ అక్కడే పోతుంది. నాలుగు పాత పెయింటు బకెట్లలో ఇనుప గొట్టాలు నిలబెట్టి కాంక్రీటు పోయించండి. వాటి మధ్య జీఐ వైరు (జింకు పూత ఉన్న ఇనుప తీగ) కట్టి, పైన సుతిలి తాడు అల్లాలి. ఏప్రిల్, మే ఈదురుగాలులను తట్టుకోవాలంటే పందిరిని పిట్టగోడకు కూడా తాడుతో బిగించండి.

ఇక అందరూ అడిగే పిందెల సంగతి. తీగజాతుల్లో మొదట మగపూలే వస్తాయి. వారం పది రోజులు పూసి రాలిపోతుంటే దిగులు వద్దు. ఆడపువ్వు వెనకాల చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉట్టి కాడ. మిద్దె ఎత్తుకు తేనెటీగలు సరిగా రాకపోతే పుప్పొడి అందక పిందె పసుపుపచ్చగా మారి రాలుతుంది. ఆ పని మనం చేయాలి.

- వేళ చూసుకోండి. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే.
- అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు తీసేయండి.
- మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడుమ భాగానికి మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది.
- ఆ కాడకు రంగుదారం కట్టండి. ఏది నిలిచిందో తెలుస్తుంది.

మూడు నాలుగు రోజులకు పిందె లావెక్కితే నిలిచినట్టే. సాయంత్రం టార్చి పట్టుకుని మా అమ్మాయి చేత అద్దించిన మొదటి బీరకాయను వారం తర్వాత కోశాం. ఆ ఒక్క కాయతో చేసిన పచ్చడి నలుగురం పంచుకున్నాం.

అద్దినా పిందెలు కుళ్లుతుంటే దగ్గరగా చూడండి. సూదితో గుచ్చినట్టు చుక్క, దాని మీద జిగురు ఉంటే అది పండు ఈగ పని. రాలిన పిందెలు ఏరి కవరులో కట్టి పారేయండి. మంచి పిందెలకు కాగితం సంచి గానీ పలచటి గుడ్డ గానీ తొడగండి.

9. పురుగులు

రోజూ ఆకు అడుగు వైపు చూడటమే అసలైన మందు. పదిహేను రోజులకోసారి, సాయంత్రం పూట, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొంచెం కుంకుడు రసం వేసి కొట్టండి. ముందు రెండాకుల మీద కొట్టి ఒకరోజు ఆగి చూడండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

- చిక్కుడు పూత మీద నల్లటి పేనుబంక: నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి దులపండి, తర్వాత వేపనూనె. చీమల దారి కూడా ఆపాలి, బంకను కాపాడేది అవే. అక్షింతల పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి, అవి బంకను తింటాయి.
- పిండినల్లి: పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు రుద్ది కడగండి. బాగా ముదిరిన కొమ్మ కత్తిరించండి.
- మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ తొలిదశలో ముడిచిన చివరలు తుంచి, ఐదారు రోజుల తేడాతో రెండుసార్లు వేపనూనె కొట్టండి.
- బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చగా వలలా కనిపిస్తే పల్లాకు తెగులు. దీనికి మందు లేదు. తెల్లదోమ పక్క మొక్కలకు అంటించకముందే పీకేయండి. దోమకు పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి.

కోతులున్న చోట వల కప్పిన గూడు తప్ప మరో దారి నాకు కనబడలేదు.

10. ఎండాకాలం

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మిద్దె మీద కింద స్లాబు నుంచి కూడా సెగ తగులుతుంది. మార్చి ఆఖరుకల్లా ఇవి సిద్ధం చేసుకోండి:

- 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ (ఎండను సగం ఆపే ఆకుపచ్చ వల), తల తగలనంత ఎత్తులో. మృగశిర కార్తె వానలు పడ్డాక తీసేయాలి.
- కుండీలన్నీ దగ్గరగా జరపండి, కానీ కింద బీమూ గోడా ఉన్నచోటికి. నల్ల బ్యాగులకు గోనెపట్టా చుట్టండి.
- ప్రతి మొదలుకూ రెండంగుళాల మందాన ఎండుటాకులు.
- పొద్దున ఏడులోపు నీళ్లు. అవసరమైతే సూర్యాస్తమయం తర్వాత మళ్లీ.

ఆ ఎండకు టమాటా పూత రాలుతుంది. ఎరువు వేసి బలవంతం చేయకండి. మొక్క బాగుంటే కొమ్మలు కత్తిరించి నీడలో కాపాడండి. ఆ రెండు నెలలు బచ్చలి, గోంగూర, తోటకూరలతో గడుపుకోండి.

11. పంట అయిపోయాక

పాత మట్టి పారేయకండి. బ్యాగును పాత చీర మీద గుమ్మరించి వేళ్లు ఏరేయండి. మే ఎండలో వారం రోజులు పలచగా పరిచి తిప్పుతూ ఎండబెట్టండి. తర్వాత మూడు తట్టల పాత మట్టికి ఒక తట్ట మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, తడిపి, మళ్లీ పది రోజులు ఆపండి. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి అవి పెరిగిన మట్టిలో ఈసారి బెండ గానీ ఆకుకూర గానీ వేయండి. ఏ బ్యాగులో ఏది పండిందో బ్యాగు మీదే మార్కరుతో రాసి పెట్టుకుంటే జూన్‌లో వెతుక్కోనక్కర్లేదు.